ఇద్దరు బుచ్చిలు

మొన్న సంక్రాంతికి పి.గన్నవరంలో మా చెల్లెలి ఇంటి వసారాలో కూర్చుని పేపరు తిరగేస్తున్నాను. లోపలినుంచి మా అమ్మ, "బుచ్చీ, పాలు తాగుదువు గాని రా" అని పిలిచింది. అరవై దాటినవాణ్ణి, చటుక్కున లేచి నిలబడ్డాను. పిలిచింది నన్ను కాదు, మా మేనకోడలి మూడు నెలల కూతుర్ని. ఇంకా బోర్లా పడడమైనా రాని పిల్లను "రా" అనడం మా అమ్మకే చెల్లింది.

ఆ పేరు మీద ఇంట్లో నెల్లాళ్ళుగా తగవు నడుస్తోందని అప్పుడే తెలిసింది. పిల్లకు పేరు లేక కాదు. నక్షత్రం చూసి, అక్షరం చూసి, ఇంటర్నెట్టు గాలించి మూడక్షరాల సంస్కృతపు పేరు పెట్టుకున్నారు. అర్థమేమిటని నేనడిగితే అల్లుడు సెల్‌ఫోను తీసి చూసి చెప్పాడు. ముద్దుపేరు కూడా అతనే నిర్ణయించాడు, చెర్రీ అని. మా అమ్మ నోటికి ఆ పేరు పట్టలేదు. ఇరవై ఒకటో రోజున ఉయ్యాల్లో వేసినప్పటినుంచీ ఆవిడకు ఆ పిల్ల బుచ్చే.

"ఈ కాలప్పిల్లకు ఆ పేరేమిటండీ, పైగా ఆడపిల్లో మగపిల్లవాడో కూడా తెలియదు" అన్నాడు అల్లుడు నాతో. మర్యాదస్తుడు, అమ్మతో అనలేక నాతో అన్నాడు.

ఆడా మగా తెలియకపోవడం ఆ పేరుకు కొత్తగా వచ్చిన లోపం కాదు. మన పాతపేర్లలో చాలావాటికి మొదలు ఒక్కటే. చివర అయ్య చేరితే మగవాడు, అమ్మ చేరితే ఆడది. పుల్లయ్య, పుల్లమ్మ, పెంటయ్య, పెంటమ్మ, అలాగే బుచ్చయ్య, బుచ్చమ్మ. ఇంట్లో ఆ తోక తీసేసి పిలుస్తారు. అప్పుడు ఆ పిలుపు ఎవరిదైనా కావచ్చు. గురజాడవారు 1897లో అచ్చువేసిన కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధానులుగారి కూతురు బుచ్చమ్మ. 'చివరకు మిగిలేది' రాసిన శివరాజు వెంకట సుబ్బారావుగారిని ఆ అసలు పేరుతో అడిగితే ఎందరు పోల్చుకుంటారు? బుచ్చిబాబు అంటే చాలు. మద్రాసు క్రికెట్‌కు పునాది వేసిన బుచ్చిబాబు నాయుడు (1868–1908) పేర ఈనాటికీ ఒక టోర్నమెంటు ఉంది. 2021లో వచ్చిన 'ఉప్పెన' దర్శకుడూ బుచ్చిబాబే. కాబట్టి పాతబడిపోయింది అన్న అభ్యంతరం నిలవదని అల్లుడికి చెప్పాను. అతను తల ఊపాడు గాని ఒప్పుకోలేదు.

నిజానికి నేనూ ఒప్పుకోలేదు. నా కారణం వేరు.

ఇంట్లో పిల్లలు పుట్టి పోతుంటే, ఆ తరవాత పుట్టిన బిడ్డకు బుచ్చి అనో పెంట అనో పేరు పెట్టేవారు. ఇంపైన పేరు పెడితే మృత్యువు కన్ను పడుతుందని భయం. నాకు ముందు అమ్మకు ఇద్దరు పుట్టి పోయారు. నేను పుట్టగానే నన్ను చాటలో పడుకోబెట్టి, పొరుగావిడకు చేరెడు తవుడుకు అమ్మి, మళ్ళీ కొనుక్కున్నారట. మనది కాని బిడ్డను మృత్యువు మన ఇంటికొచ్చి వెతకదు కదా! ఆ బేరం సంగతి చిన్నప్పుడు చెప్పి అందరూ నవ్వేవారు, నేనూ నవ్వేవాణ్ణి. కాకినాడలో కాలేజీలో చేరాక మాత్రం ఆ పేరు ఎవరికీ తెలియనివ్వలేదు. ఒకసారి మా నాన్నగారు హాస్టలుకు వచ్చి, వరండాలో నిలబడి గట్టిగా "ఒరే బుచ్చీ" అని కేకేస్తే, వినబడనట్టు గదిలోనే కూర్చున్నాను. ఆయన పైమెట్టు దాకా వచ్చి, నన్ను చూసి, ఆ తరవాత ఎప్పుడూ నలుగురిలో అలా పిలవలేదు. ఈ ముక్క ఇప్పటిదాకా ఎవరికీ చెప్పుకోలేదు.

అందువల్ల నా వాదన ఇది: ఆ పేరు భయంలో పుట్టింది, ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యిమందిలో 129 మంది ఏడాది నిండకుండా పోయారు. 2020 నాటికి ఆ సంఖ్య 28. టీకాలూ, కాన్పులకు ఆసుపత్రులూ వచ్చాక మృత్యువును పేరుతో ఏమార్చవలసిన పనేముంది? భోజనాల దగ్గర అమ్మతో ఈ మాటే అన్నాను, కాస్త ఉపన్యాసంలాగే.

అమ్మ మజ్జిగ వడ్డిస్తూ, "మరి మొదటిదాన్ని ఏ టీకా ఆపిందిరా?" అంది.

ఎవరూ మాట్లాడలేదు. మేనకోడలు కంచం ముందునుంచి లేవలేదు గాని, అన్నం కలపడం ఆపేసింది.

రెండేళ్ళ క్రితం దానికి ఏడోనెలలోనే కాన్పు వచ్చింది. నాలుగు రోజులు బతికిన పిల్ల. పేరు పెట్టలేదు, ఫొటో లేదు. హైదరాబాదులో దాని ఆఫీసులో ఎవరికీ తెలియదట. మేమూ ఆ సంగతి ఎత్తకపోవడమే మంచితనం అనుకున్నాం. నేను చెప్పిన ఆ 28లో ఒకటి మా ఇంట్లోనే ఉందని లెక్క చెబుతున్నప్పుడు నాకు తట్టనేలేదు.

సాయంత్రం మేనకోడలితో అక్విడెక్టు దాకా నడిచాను. కింద వైనతేయ, పైన కాలువ. పాత వంతెన నలభై తొమ్మిది ఖానాలూ చిన్నప్పుడు వేళ్ళు మడిచి లెక్కపెట్టినవే. కొత్తదానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారు. ఆవిడ తండ్రి అనుపిండి భవానీశంకరంగారు. వచ్చినవారికల్లా అన్నం పెట్టేవారని ఊరివాళ్ళు ఆయన్ను బువ్వన్న అనేవారు. ఏం జరిగిందో చెప్పేది ఇలాంటి పేరే. పెట్టిన పేరు ఆ పని చెయ్యదు.

"కోపం వచ్చింది మావయ్యా, అమ్మమ్మ మొదటిసారి అలా పిలిచినప్పుడు" అంది మేనకోడలు. "నా పిల్లకు ఎవరి చావుతోనో పేరేమిటి అనిపించింది. ఓ రాత్రి పాలిస్తూ నేనే బుచ్చీ అన్నాను. ఆ పిల్ల కూడా పుట్టింది కదా. ఆ మాట ఇంట్లో అమ్మమ్మ ఒక్కర్తే అంటోంది."

కాసేపాగి, "నువ్వు మోశావు కదా. బరువుగా ఉండేదా?" అని అడిగింది.

సిగ్గుగా ఉండేదని చెప్పాను. బరువు సంగతి తెలియదు, ఎందుకంటే నాకు ముందు పోయినవాళ్ళ గురించి నేనెప్పుడూ అడగలేదు. వాళ్ళు ఆడపిల్లలో మగపిల్లలో కూడా నాకు తెలియదు. తవుడు బేరం ఒక్కటే తెలుసు.

ఆ రాత్రి అమ్మ పక్కన కూర్చుని అడిగాను. ఇద్దరూ ఆడపిల్లలే. పెద్దదానికి పేరు కూడా పెట్టారట; పదకొండు నెలలు ఆ పేరుతో పిలిచారట. ఆ పేరు చెప్పింది. నేను పుట్టాక ఆ ఇంట్లో దాన్ని ఎవరూ పలకలేదు. అమ్మ అది చెప్పి, నీళ్ళు అడిగి తాగి, పడుకుంది.

నన్నడిగితే, ఆ పేరు ఇంటివరకే ఉండాలి. బడిపుస్తకాల్లోకి ఎక్కకూడదు. పిల్లకు ఊహ తెలిశాక, నాకులాగ తవుడు కథ ఒక్కటీ చెప్పి నవ్వి ఊరుకోకుండా, ముందొక అక్క ఉండేదని చెప్పాలి. ఆ చెప్పడం చేతకాదనుకుంటే చెర్రీయే నయం. ఈ మాట మేనకోడలితో అన్నాను. అది సరేననీ అనలేదు, కాదనీ అనలేదు.

అల్లుడు ఇంకా చెర్రీ అనే పిలుస్తున్నాడు. నిన్న ఫోనులో అడిగితే, పిల్ల రెండు పేర్లకూ తిరిగి చూస్తోందట.