పంక్తి లేవనిదే విస్తరి తీయలేం

డాలస్‌లో నా ఉద్యోగం పేరు డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్. పేరు పెద్దదే కానీ, అందులో సగం పని ఊడవడం, సర్దడమే.

మా కంపెనీ ఆర్డర్లన్నీ పోస్ట్‌గ్రెస్‌లో ఉంటాయి. అందులో ఒక వరసను మారిస్తే పాతది వెంటనే పోదు. కొత్తది వేరే రాసుకుని, పాతదాన్ని అక్కడే వదిలేస్తుంది. త్వరగా వెతకడానికి పెట్టుకున్న ఇండెక్సుల్లోనూ ఆ పాత చిరునామా మిగిలిపోతుంది. ఈ చెత్త తీసే పనిని వాక్యూమ్ అంటారు. దాన్ని తనంతట తానే నడిపేది ఆటోవాక్యూమ్.

కిందటేడు ఆర్డర్ల పేజీ బాగా నెమ్మదించింది. "ఈ ఆటోవాక్యూమే డిస్క్‌ని తినేస్తోంది, ఆపేద్దాం" అన్నాడు మేనేజర్. మీటింగులో ఆడదాన్ని నేనొక్కదాన్నే, వద్దన్నదీ నేనొక్కదాన్నే. ఆపితే ఓ వారం హాయిగానే ఉంటుంది, ఆ తర్వాత చెత్త పేరుకుంటుంది. పైగా మామూలు సెట్టింగుల్లో ఒక పట్టిక వయసు 20 కోట్ల లావాదేవీలు దాటితే, మనం ఆపినా అది లేచి శుభ్రం మొదలుపెడుతుంది. అప్పుడు మనకు రద్దీ ఉందా లేదా అని చూడదు.

రెండు వారాలు గడువు అడిగాను.

ఆ పట్టికకు 11 ఇండెక్సులున్నాయి. వాక్యూమ్ సాధారణంగా అన్నిటినీ తిరగాల్సిందే. వాడకం లెక్క చూస్తే నాలుగింటికి సున్నా. సున్నా కదా అని తీసేయకూడదు. ఒకటి ఇన్వాయిస్ నంబరు రెండుసార్లు పడకుండా కాపలా కాస్తోంది. ఇంకొకటి నెలాఖరు రిపోర్టుల కోసం వేరే సర్వర్‌లో వాడుతున్నారు. మిగిలిన రెండూ తీసేశాను.

తర్వాత, ఎప్పుడు ఊడవాలన్నది. మామూలుగా 20 శాతం వరసలు పాతబడితే గానీ ఆటోవాక్యూమ్ కదలదు. 10 కోట్ల వరసల్లో అంటే 2 కోట్లు! ఆ ఒక్క పట్టికకు 1 శాతం చేశాను. వారానికోసారి నడుం విరిగేలా కడిగేకంటే రోజూ కాస్త ఊడవడం మేలని మనకు ఎవరూ చెప్పక్కర్లేదు కదా. అప్పటికే ఉబ్బిపోయిన ఇండెక్సులను ఆర్డర్లు ఆగకుండానే తిరగ కట్టాను. 12వ వెర్షన్ నుంచి ఆ సౌకర్యం ఉంది.

అయినా చెత్త పూర్తిగా తగ్గలేదు. వెతికితే, ఎవరో పొద్దున తెరిచిన లావాదేవీని మూయకుండా వదిలేశారు. అది చూస్తున్న పాత వరసలను వాక్యూమ్ ముట్టుకోదు. మన పెళ్లి పంక్తిలో ఒక్క పెద్దాయన ఇంకా పెరుగన్నంలో ఉంటే విస్తళ్లు ఎత్తం చూడండి, అలాగన్నమాట. ఖాళీగా కూర్చున్న లావాదేవీలకు పది నిమిషాల గడువు పెట్టించాను.

పేజీ మళ్లీ మామూలైంది. అక్కడితో ఆగితే అందరూ ఆ సంగతే మర్చిపోయేవారు. ఊడ్చిన ఇల్లు ఎవరి కంటా పడదు, ఊడవని ఇల్లే పడుతుంది. అందుకే అప్రైజల్‌కు ముందు, మార్చకముందు ఇండెక్సులు ఎంత ఉన్నాయో, మార్చాక ఎంతయ్యాయో, పేజీ ఎన్ని సెకన్లలో తెరుచుకుంటోందో ఒక కాగితం మీద పెట్టి ఇచ్చాను.

మేనేజర్ చదివి ఒకే ప్రశ్న అడిగాడు: "నువ్వు సెలవులో ఉంటే ఇవన్నీ ఎవరు చూస్తారు?"

ఇప్పుడు ఆ పనికి వంతులున్నాయి, మూడు పేర్లతో. ఈ సంక్రాంతికి నేను తెనాలి వెళ్లాను, లాప్‌టాప్ లేకుండా.