డిసెంబరు 25, దర్జీ కొట్టుకు సెలవు

మా అబ్బా దర్జీ. మైలవరంలో ఆయన కొట్టు ఏడాది పొడుగునా తెరిచే ఉండేది. రంజాన్ పండుగ నాడు నమాజు చదువుకొచ్చి, షీర్‌ఖుర్మా తాగి, సాయంత్రానికల్లా ఒక రెక్క తలుపు తీసేవాడు. బక్రీదుకీ అంతే. పొద్దుట్నుంచి రాత్రిదాకా కొట్టుకు తాళం పడే రోజు ఒక్కటే. అది డిసెంబరు 25.

మా ఇంటికి అన్నం పెట్టిన పండుగ క్రిస్మస్. పల్లెలో ఏడాదికి ఒక్కసారే కొత్తబట్టలు కుట్టించుకునే ఇళ్లుండేవి. ఆ ఒక్కసారి క్రిస్మస్‌కే. నవంబరు ఆఖరి నుంచే గుడ్డలొచ్చి పడేవి. ఒకే తానులోంచి అన్నకి చొక్కా, చెల్లికి గౌను. వచ్చే ఏడుకి కూడా సరిపోవాలని లోపల మడత ఎక్కువ వదలమనేవాళ్లు. మేం పిల్లలం కాజాలు కుట్టడం, గుండీలు వెయ్యడం, హెమ్మింగు నేర్చుకున్నది ఆ డిసెంబర్లలోనే. 24 రాత్రి చర్చి గంట వినపడేదాకా మిషను ఆగేది కాదు. ఆఖరి చొక్కా కోసం వచ్చినవాడు కొట్టు ముందే తొడుక్కుని ప్రార్థనకి పరిగెత్తేవాడు. ఇస్త్రీ వేడి ఇంకా ఆ చొక్కా మీదే ఉండేది.

మర్నాడు మాకు షికారు. ముందు పల్లెకి, తర్వాత బెజవాడకి.

పల్లె అంటే మాలపల్లె. ఆ మాట రాయడానికి ఇప్పుడు చాలామంది మొహమాటపడతారు. మేం పడం. ఊరికి ఆ చివర వాళ్లుండేవాళ్లు, ఈ చివర మేం ఉండేవాళ్లం. మధ్యలో ఊరుండేది. ఆ చివర నుంచి ఈ చివరికి నడిచిన మనిషి బడి టీచరమ్మ. అమ్మీ ఆమెని అక్కా అనేది, మాకు పెద్దమ్మ. గౌన్లకి కుచ్చులు ఎట్లా పెట్టాలో అబ్బాకి పుస్తకంలో బొమ్మ చూపించి పోట్లాడేది ఆమే.

వెదురు బద్దలకి రంగు కాగితం అంటించి, లోపల బల్బు పెట్టిన నక్షత్రం ఇంటింటి ముందూ ఉండేది. చర్చి పక్కన పశువుల పాక కట్టేవాళ్లు. వరిగడ్డి కప్పు, మట్టి గొర్రెలు, ఒక ఒంటె, ముగ్గురు జ్ఞానులు. ఒక ఏడు దాదీ కూడా వచ్చింది. ఆ పాక ముందు నిలబడి చాలాసేపు చూసి, కొంగు సర్దుకుని, గట్టిగా అడిగింది: "ఖజూర్ కా ఝాడ్ కిద్దర్ హై?"

మాకు సిగ్గేసింది. పెద్దమ్మకి అర్థం కాక అమ్మీ వంక చూసింది. ఖర్జూరం చెట్టేదీ అంటోంది అని అమ్మీ తెలుగులో చెప్పింది. అప్పుడు దాదీ వచ్చీరాని తెలుగులో, పల్లె ఆడవాళ్ల మధ్య కూర్చుని, బీబీ మరియం కథ చెప్పింది. ఖురాన్‌లో 19వ సూరా ఆమె పేరు మీదే ఉంది. నొప్పులొచ్చి ఆ తల్లి ఒక్కతే ఖర్జూరం చెట్టు మొదలుకి చేరగిలబడిందట. చచ్చిపోయినా బాగుండునని ఏడ్చిందట. దిగులుపడకు, నీ కాళ్ల కింద నీటి వాగుంది, చెట్టు మొదలు ఊపు, పళ్లు రాలతాయి అని పిలుపొచ్చిందట. దాదీకి చదువు రాదు. విని నేర్చుకున్నది, అంతే. పల్లె ఆడవాళ్లు కాన్పు కబురు విన్నట్టే విన్నారు. "పచ్చి బాలింతకి పక్కన మనిషి లేకుండానా?" అంది ఒకావిడ.

మరుసటేడు పాక వెనకాల ఒక ఈత మట్ట నిలబెట్టి ఉంది. మా మెట్ట ప్రాంతంలో ఖర్జూరం ఎక్కడిది? గట్ల మీద ఈత చెట్లకి మాత్రం కొదవ లేదు. పెద్దమ్మ కొట్టించి తెప్పించింది. "మీ దాదీని చూసుకోమను" అంది మాతో.

అక్కణ్ణుంచి బస్సు. జి.కొండూరు, కొండపల్లి, ఇబ్రహీంపట్నం దాటి బెజవాడ. కొండపల్లి రాగానే అమ్మీ తలమీద కొంగు లాక్కుని, షాబుఖారీ బాబాకి బస్సులోంచే సలాం పెట్టేది. బెజవాడలో దిగి గుణదల కొండ ఎక్కేవాళ్లం. 1924లో ఫాదర్ ఆర్లాటి ఆ కొండ గుహలో మరియమాత విగ్రహం పెట్టించాడు. అసలు తిరునాళ్లు ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరుగుతాయి. అబ్బాకి సెలవు డిసెంబర్లో కాబట్టి మా తిరునాళ్లు డిసెంబర్లోనే. అక్కడ జనం కొబ్బరికాయలు ఇస్తారు, తలనీలాలు ఇస్తారు, మొక్కులు కడతారు. ఉరుసుకి వచ్చినవాళ్లు చేసేవీ ఇంచుమించు ఇవే. విగ్రహం ముందు అబ్బా చేతులు జోడించేవాడు కాదు. వెనక్కీ వచ్చేవాడు కాదు. చెట్టుకింద కూర్చుని మాకు వేరుశెనక్కాయలు ఒలిచిపెట్టేవాడు. దిగాక బ్యారేజీ మీద నడక, రాత్రి బస్సులో నిద్ర.

ఇక 1992. డిసెంబరు 6, ఆదివారం. మాకు పన్నెండేళ్లు. మైలవరంలో ఏమీ జరగలేదు. ఏమీ జరగని ఊళ్లో కూడా భయం ఎట్లా ఉంటుందో అప్పుడు చూశాం. హైదరాబాద్‌లో కర్ఫ్యూ అని రేడియో చెప్పేది. అబ్బా కొట్టు మూశాడు. లోపల పల్లెవాళ్ల గుడ్డలు కత్తిరించినవి కత్తిరించినట్టే ఉన్నాయి. బట్టలు కుట్టకపోతే డబ్బు రాదు. కొట్టు తీస్తే ఏమవుతుందో తెలీదు. ఎన్నడూ లేనిది అబ్బా అమ్మీతో, బజారుకెళ్తే బురఖా వద్దు అన్నాడు. అమ్మీ చీర కొంగు కప్పుకుని వెళ్లి, ఉల్లిపాయలు కొనుక్కుని, ఇంటికొచ్చి ఏడ్చింది. ఆ ఏడుపు మాకు అప్పుడు అర్థం కాలేదు.

నాలుగో రోజో అయిదో రోజో పెద్దమ్మ వచ్చింది. వెంట పదిమంది ఆడవాళ్లు. పరామర్శకి రాలేదు. "పండగ ముందు కొట్టు మూస్తే ఎట్లా సాయిబూ, మా పిల్లలు పాత గుడ్డలు తొడుక్కోవాలా?" అని దెబ్బలాటకొచ్చారు. మిషను కొట్లోంచి ఇంట్లోకి మోసుకొచ్చింది కూడా వాళ్ల మగవాళ్లే. రాత్రిళ్లు ఇద్దరు మా అరుగు మీద పడుకున్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఆ క్రిస్మస్ శుక్రవారం వచ్చింది. అబ్బా జుమా నమాజు చదువుకుని పల్లెకి వచ్చాడు. గుణదల వెళ్లలేదు. పల్లెలోనే పలావు తిన్నాం. అమ్మీ బురఖాతోనే వచ్చింది.

పెద్దమ్మ గురించి ఇంకోమాట చెప్పాలి. ఆమె మతం బడి రికార్డులో ఒకటి, చర్చి పుస్తకంలో ఇంకొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు అట్లా ఉంది. దళితుడు హిందువైతే ఎస్సీ. 1956లో సిక్కుల్ని కలిపారు, 1990లో బౌద్ధుల్ని కలిపారు. ఏసుని నమ్ముకున్నవాడు మాత్రం మన రాష్ట్రంలో బీసీ-సీ. అల్లాని నమ్ముకున్న దళితుడికీ ఎస్సీ లేదు. 2007లో మాకు బీసీ-ఈ అని ఒక గడి దొరికినప్పుడు పెద్దమ్మ నవ్వింది. "మీకు కనీసం ఇంట్లో, ఆఫీసులో ఒకటే పేరు" అంది. ఆ నవ్వుకి మా దగ్గర జవాబు లేదు.

1998, 99, 2000. మూడేళ్లు వరసగా క్రిస్మస్ రంజాన్ నెలలో పడింది. అబ్బాకి రెండు పండుగల కుట్టుపని ఒకేసారి. అప్పటికి దాదీ లేదు. పెద్దమ్మ పలావు గిన్నె మీద మూత పెట్టి, మగ్రిబ్ అజాను వినపడేదాకా తనూ తినకుండా కూర్చునేది. ఆ మూడేళ్లూ మేం ఉపవాసం విడిచింది ఖర్జూరంతో, వెంటనే పల్లె కేకుతో.

తర్వాత మేం పేపర్లో పనికి చేరాం. ఒక డిసెంబర్లో డెస్కు నుంచి కబురొచ్చింది. గుణదలలో బురఖా వేసుకున్న ఆడమనిషి కొవ్వొత్తి వెలిగిస్తున్న ఫొటో కావాలి, మతసామరస్యం అని వ్యాఖ్య రాయాలి. మేం వెళ్లాం. అట్లాంటి అమ్మ కనిపించింది కూడా. పిల్లాడికి జ్వరం తగ్గితే వస్తానని మొక్కుకుందట. మొక్కు తీర్చుకుని బస్సు దొరుకుతుందో లేదోనని కంగారుపడుతోంది. సామరస్యం సంగతి ఆమెకి తెలీదు. ఫొటో తియ్యబుద్ధి కాలేదు. తియ్యలేదని తిట్లూ తిన్నాం. మా అమ్మీ వేరుశెనక్కాయలు తింటూ మెట్లెక్కిన కొండ అది. ఆ పూట ఎవరూ మమ్మల్ని ఆదర్శంగా చూపించలేదు. కాబట్టే హాయిగా ఉన్నాం.

ఇప్పుడు ఇంకో తలనొప్పి మా వైపు నుంచే. మా ఖాలా కొడుకు కెనడాలో ఉంటాడు. టొరంటోలో 1905లో మొదలైన శాంటాక్లాజ్ ఊరేగింపు ఇప్పుడు నవంబర్లోనే జరుగుతోంది. ఆ చలిలో తన పిల్లల్ని భుజాలకెత్తుకుని చూపించి, వీడియో కుటుంబం గ్రూపులో పెట్టాడు. ఇక చూడండి. అది మన పండుగా, శుభాకాంక్షలు చెప్పొచ్చా, ఈమాన్ ఏమైనట్టు? మూడు రోజులు ఫత్వాలు ఎగిరాయి. వాడు చివరికి ఒక్క ముక్క రాశాడు: "సెలవు రోజు పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లమంటారు?" మా అబ్బా మాటే అది. పల్లెలోనూ ఇట్లాంటివాళ్లు బయల్దేరారు. గుణదల వెళ్లడం విగ్రహారాధన అని కుర్ర పాస్టర్లు పెద్దమ్మకి చెప్పి చూశారు. డెబ్బై దాటిన మనిషి, వాళ్లకి టీ ఇచ్చి పంపించింది.

మైలవరం 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో ఉంది. అబ్బా లేడు. కొట్టు అద్దెకిచ్చాం, సెల్‌ఫోన్లు బాగుచేస్తారు అందులో. రెడీమేడ్ బట్టలొచ్చాక పల్లెలో ఎవరూ కుట్టించుకోవడం లేదు. పోయిన డిసెంబర్లో పిల్లల్ని తీసుకుని వెళ్లాం. నక్షత్రాలు ప్లాస్టిక్‌వి, పాక థర్మాకోల్‌ది, గొర్రెలకి కూడా లైట్లు. వెనకాల ఈత మట్ట మాత్రం నిలబెట్టి ఉంది. ఇదెందుకని పాక కడుతున్న కుర్రాణ్ణి మా అమ్మాయి అడిగింది. "ఏమో, మేం ప్రతి ఏడూ పెడతాం" అన్నాడు వాడు, ముళ్లు గుచ్చుకోకుండా పక్కకి జరగమని చెప్పి.