చక్రములపై పరువెత్తిన స్త్రీలు

ఒక ఆట మూతబడినదని యేబదియేండ్లకు పైగా దుఃఖించుట పెద్దవారి చాదస్తమని మా యింటి పిల్లలందురు. అట్లే కానిండు. అమెరికాదేశమున రోలర్ డెర్బీ యను చక్రాల పందెము వృత్తిక్రీడగా నడచిన కాలమున దానిని చూచి యానందించినవారము మేము. అది 1973వ సంవత్సరాంతమున మూతబడినప్పుడు కలిగిన కోపము మాకింకను చల్లారలేదు. పోయినది వినోదము మాత్రమే యైనచో దానికై ఈ పత్రికలో చోటడుగుటకు సిగ్గుపడియుందుము. స్త్రీలు తమ దేహబలముచేత, పురుషులాడు నిబంధనలతోనే ఆడి, జీతము దీసికొని సంసారములను పోషించుకొనిన ఆట అది. ఆ దినములలో అట్టి ఆటలెన్ని యుండెనో వ్రేళ్ళమీద లెక్కింపవచ్చును.

1969లో మావారి యుద్యోగమునుబట్టి కాలిఫోర్నియా రాష్ట్రములోని ఓక్లండు నగరమునకు కాపురము వచ్చితిమి. ఆ దినములలో అచ్చట తెలుగుమాట చెవినిబడుటయే గగనము. కరివేపాకు కలలోని మాట. పగలంతయు నొంటరిగా గడపి, సాయంకాలము టెలివిజను పెట్టెముందు కూర్చుండెడివారము. ఆ యూరి స్టేషనువారు "బే బాంబర్లు" అను జట్టు ఆటలను చూపుచుండిరి. మొదటిసారి చూచినప్పటి విస్మయము ఇప్పటికిని జ్ఞాపకమున్నది. ఆడువారు! తలకు శిరస్త్రాణములు, కాళ్ళకు చక్రములు బిగించుకొని, ఒకరినొకరు భుజములతో త్రోసికొనుచు, కమ్మీమీదుగా అవతలబడి, మరల లేచివచ్చి పరువెత్తుచున్నారు. చూచువారెవ్వరును "అయ్యో, ఆడది" యని జాలిపడుటలేదు. వేలకొలది జనము కేకలు వేయుచున్నారు. "మెల్లగా నడువుము, గట్టిగా నవ్వకుము" అను మాటలనడుమ పెరిగిన మాకు గుండె దడదడ కొట్టుకొనెను. మరుసటి ఆట యెప్పుడా యని నాటినుండియే ఎదురుచూడసాగితిమి.

ఆట పద్ధతి మాకు బోధపడుటకు నెలదినములు పట్టెను. మా అత్తగారికి పట్టినది ఒక్క సాయంకాలమే. 1972 వేసవిలో వారు తెనాలినుండి మావద్దకు వచ్చిరి. ఇంగ్లీషు ముక్క రాదు. పెట్టెముందు గడియసేపు నిదానించి చూచి, "ఓసి, ఇది మన చెడుగుడే గదే అమ్మాయీ! కాళ్ళకి చక్రాలు కట్టుకున్నారు, అంతే" అనిరి. నిజమే. అంచులు పైకెత్తిన వాలుబాట కోడిగ్రుడ్డు ఆకారమున నుండును. ఒక్కొక్క జట్టున అయిదుగురు చొప్పున ఇరుపక్షములవారు గుంపుగా బయలుదేరుదురు. జామరు అనబడువారు ఆ గుంపులోనుండి త్రోసికొని బయటబడి, బాటను చుట్టివచ్చి, ఎదుటిపక్షమువారిని వెనుకనుండి దాటవలెను. దాటిన యొక్కొక్కరికి ఒక్కొక్క పాయింటు. కూతబట్టినవాడు ప్రత్యర్థులను తాకి గీతకు మరలివచ్చునట్లే, ఇక్కడను ఒకరు పలువురిని భేదించుకొనిపోవలెను. వ్యవధి ఒక్క నిమిషము. ముందున్న జామరు ఇక చాలుననుకొన్నచో రెండుచేతులును నడుముమీద ఆనించును. ఆ విడత ముగియును. అత్తగారికి ఈ చివరి సంజ్ఞ మిక్కిలి నచ్చెను. ఊరికి మరలిన పిమ్మట గూడ, వాదములో తాము గెలిచినప్పుడు నడుముమీద చేతులుంచుకొని నిలుచుండెడివారట.

ఒక అంకము స్త్రీలు, ఒక అంకము పురుషులు. ఇరువురి పాయింట్లును కలిపి జట్టు లెక్క. అనగా పురుషులు తెచ్చిన పాయింట్లను స్త్రీలు పోగొట్టవచ్చును, పురుషులు పోగొట్టినదానిని స్త్రీలు తిరిగి సంపాదింపవచ్చును. ఇంతకంటె సమానత్వమును వివరించు ఉపన్యాసమును మేమింతవరకు వినలేదు.

బాంబర్ల స్త్రీలకు నాయకురాలు జోన్ వెస్టన్. పొడగరి, బంగారు జుట్టుగలది, మాటలో మర్యాద, ఆటలో ఉక్కు. ఆ కాలపు అమెరికా స్త్రీ క్రీడాకారులలో మిక్కిలి హెచ్చు జీతము పొందినవారిలో ఆమె యొకతెయని చెప్పుకొనెడివారు. ఆమెకు ప్రతికక్షి ఆన్ కాల్వెల్లో. ఈమె జుట్టుకు ఒకనాడొక రంగు, మరునాడింకొక రంగు వేసికొని వచ్చును. ఆమెను చూడగానే జనము ఛీకొట్టుదురు. ఆమె వారికి ఎదురుగా నిలిచి ఇంకను రెచ్చగొట్టును. "ఆ పచ్చజుట్టుది మళ్ళీ వచ్చిందే!" యని అత్తగారు వంటయింటిలోనున్న మమ్ము కేకవేసి పిలిచెడివారు. జోన్ వెస్టన్‌ను అందరును ప్రేమించిరి. మేము మాత్రము కాల్వెల్లో పక్షము. నలువదియేండ్లు దాటిన స్త్రీ పదివేలమంది తిట్లను చెవికాభరణములవలె ధరించి నిలుచుట మాకు ముచ్చటగొలిపెను.

ఈ యాట పుట్టుక సైతము కష్టకాలమునందే. 1935 ఆగస్టు 13వ తేదీన షికాగో నగరములోని కలీసియమను విశాలశాలయందు లియో సెల్ట్‌జరను వ్యాపారి దీనిని ప్రారంభించెను. దేశమంతయు నిరుద్యోగముతో క్రుంగియున్న దినములవి. పురుషుడొకడు, స్త్రీ యొకతె కలిసి ఒక జోడు. అట్టి జోళ్ళు ఇరువదియైదు. అమెరికాను ఆ కొననుండి ఈ కొనకు దాటినంత దూరము ఒకే శాలలో గిరగిర తిరుగుటయే మొదటి పందెము. త్రోపులు, పాయింట్లు కొన్నేండ్లకు చేరినవి. తొలినాటి తారలలో జోసెఫిన్ బొగాష్ అను గృహిణి తన కుమారునితో గూడి ఆడెను. ప్రజలామెను "అమ్మ" యనియే పిలిచిరి. 1937 మార్చిలో ఆటగాండ్రు ప్రయాణించు బస్సు ఇల్లినాయి రాష్ట్రమున ప్రమాదమునకు లోనై పలువురు మరణించిరి. వారి స్మారకముగా ఒకటవ నంబరు చొక్కాను పిమ్మట ఎవ్వరికిని ఇయ్యలేదు.

"ఇదంతయు నాటకమే, ముందుగా అనుకొని ఆడుదురు" అని మావారి నిత్యవాదము. వారు ఇంజనీరు, లెక్కకు లొంగనిది వారికి నచ్చదు. జగడములలో కొన్నింటిని పెంచి చూపెడివారనుట నిజమే, మాకును తెలియును. అయితేనేమి? కృష్ణుడు గెలుచునని తెలియక మనము వీథినాటకము చూచుచున్నామా? 1885లో కడపసీమలోని సురభి గ్రామమున మొదలైన నాటకసమాజముయొక్క కీచకుడు ప్రతి ప్రదర్శనమునందును చచ్చెడివాడే. అట్లని జనము లేచిపోలేదు. పైగా సురభివారివలెనే వీరిలోను భార్యాభర్తలు, అక్కచెల్లెండ్రు కలిసి ఊరూరు తిరిగెడివారు. బాట చెక్కలను విప్పి బండికెక్కించి, మరియొక యూరిలో బిగించెడివారు. 1971లో సాన్‌ఫ్రాన్సిస్కోలోని కేజర్ పెవిలియనులో మేము కమ్మీకి నాలుగుబారల దూరమున కూర్చుండి చూచితిమి. వాలుబాటమీదనుండి పడినపుడు మోకాలు చెక్కకు తగిలిన చప్పుడు మావారును విని, ఆ రాత్రి ఇంటికి వచ్చువరకు నాటకమను మాట యెత్తలేదు.

ఇక మా కోపమునకు వత్తుము. ఈ యాటను చంపినది ప్రేక్షకులు కారు. 1948లో న్యూయార్కున టెలివిజనులో చూపగానే జనము విరగబడిరి. మరుసటి సంవత్సరము మాడిసన్ స్క్వేర్ గార్డెను క్రిక్కిరిసెను. అప్పుడు టెలివిజనువారు చేసినదేమి? వారమునకు పలుమారులు చూపి చూపి, రెండు మూడేండ్లలో మొగము మొత్తించిరి. పాయసమైనను పూటపూటకు పోసినచో ఎవరు త్రాగుదురు? లియో సెల్ట్‌జరు 1953లో కాలిఫోర్నియా చేరెను. అచ్చట ఆయన కుమారుడు జెర్రీ సెల్ట్‌జరు దానిని చేపట్టి, ఆటలను టేపులపై నెక్కించి నూటికిపైగా స్టేషన్లకు పంపి, మరల ప్రాణము పోసెను. 1972 సెప్టెంబరులో షికాగో బేస్‌బాల్ మైదానమున 50,118 మంది చూచిరి. చచ్చుచున్న ఆటకు అంతమంది వత్తురా?

మరుసటి సంవత్సరమే అది లేదు. 1973 శరత్కాలమున అరబ్బుదేశములు చమురు నిలిపినందున పెట్రోలు కరవు వచ్చెను. ఊరూరు తిరిగి బ్రదుకు ఆటకు అది గొడ్డలిపెట్టు. శాలల అద్దెలు, ఖర్చులు అంతకుముందే పెరిగియుండెను. డిసెంబరులో యజమాని మూసివేసెను. వ్యాపారి నష్టమును భరింపలేకపోయెనని సమర్థించువారున్నారు. భరింపలేకపోయెను గాబోలు. కాని ఆటగత్తెలను భాగస్వాములను చేసియుండినచో ఏమగునో చూడవలసియుండెను. వారి చేతిలో నున్నది చక్రములజోడు మాత్రమే. అదే సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన బిల్లీ జీన్ కింగ్ టెన్నిసులో బాబీ రిగ్స్‌ను ఓడించినప్పుడు దేశమంతయు "స్త్రీ క్రీడలకు మంచిరోజులు వచ్చె"నని చంకలు గొట్టుకొనెను. మూడునెలలైనను గడువకముందే, ముప్పదియెనిమిదేండ్లుగా స్త్రీలకు జీతమిచ్చిన ఆట పోయినది. దానికి కంటతడి పెట్టిన పత్రికారచయిత మాకు కానరాలేదు. ఎట్లు కానవచ్చును? ఏనాడును దీనిని క్రీడల పుటలో చేర్చుకొనినవారు తక్కువ. టెన్నిసు ధనికుల యాట. మాది కూలినాలి జనము చూచు ఆట.

జోన్ వెస్టన్ 1997లో, ఆన్ కాల్వెల్లో 2006లో మరణించిరి. కాల్వెల్లో తరువాతి కాలమున ఒక కిరాణా అంగడిలో పనిచేసెను. పని యేదైనను తప్పుకాదు. కాని వేలమందిచేత కేకలు వేయించుకొనిన స్త్రీకి, ఆమె యౌవనమంతయు వ్యయపరచిన వృత్తి వృద్ధాప్యమునకు మిగిల్చినది అదియేనా యని తలచినప్పుడు మాకు అన్నము సహింపలేదు.

పిదప వచ్చిన అనుకరణములను గూర్చి ఎక్కువ చెప్పము. పోటీసంస్థ 1975లో మూతబడెను. 1989లో టెలివిజనువారొకరు బాట ప్రక్కన గుంటలో మొసళ్ళనుంచి ఆడించిరి. అవును, మొసళ్ళనే. ఒక సంవత్సరమైన తరువాత అదియు లేదు. 1999లో మరియొకరు కట్టుకథలల్లి ఆడించి, రెండేండ్లలో విడిచిరి. ఆటయందు నమ్మకములేనివారే ఆటకు అలంకారములు తగిలింతురు.

మన దేశపు సంగతి యొక్కటి జ్ఞాపకమునకు వచ్చుచున్నది. చెడుగుడు నేడు ప్రో కబడ్డీయై 2014నుండి పురుషులకు లక్షలు కోట్లు కురిపించుచున్నది. ఆ నిర్వాహకులే 2016లో స్త్రీలకును మూడు జట్లతో ఒక పోటీ నడిపిరి. ఆ యొక్క సంవత్సరముతో సరి. ఎవరో యొకరు లెక్కచూచి "గిట్టదు" అనిరి కాబోలు. మా అత్తగారుండినచో ఏమందురో మాకు తెలియును గాని వ్రాయదగదు.

అన్నిటికిని ఆశ్చర్యకరమైనదేమన, రోలర్ డెర్బీ చావలేదు. 2001 ప్రాంతమున టెక్సస్ రాష్ట్రములోని ఆస్టిన్ నగరపు యువతులు దానిని మరల మొదలుపెట్టిరి. వాలుబాట కట్టించుటకు సొమ్ములేనివారు చదును నేలమీదనే గీతలు గీసికొని ఆడిరి. నేడు లోకమున వందలకొలది సంఘములున్నవి, నడపునది ఆడువారే. నవ్వు పుట్టించు మారుపేర్లు పెట్టికొనుట వారి వేడుక. మా మనుమరాలు అట్టి సంఘమొకదానిలో చేరి, "అమ్మమ్మా, నాకో పేరు పెట్టు" అని యడిగినప్పుడు మేము "గుంటూరు మిరప" అని పెట్టితిమి. అదియే ఆమె చొక్కా వెనుక ఇంగ్లీషు అక్షరములతో నున్నది.

అయినను మా మనస్సు తృప్తిపడలేదు. ఈ పిల్లలకు జీతము లేదు. జీతము మాట యటుండగా, ఆడుటకు తామే నెలచందా చెల్లింతురు. స్కేట్లు తామే కొనుక్కొందురు. పగలు ఆఫీసు, రాత్రి సాధన. నిరుడు మా పిల్ల మణికట్టు విరుగగా ఆరువారములు కట్టుతో తిరిగినది. కట్టు విప్పిననాడు మేము అడిగితిమి:

"జోన్ వెస్టనుకు యిల్లుగడిచినదే ఆ ఆటతో. మీరు ఎదురు డబ్బిచ్చి ఎముకలు విరగ్గొట్టుకుంటారేమే? యిదేమి అభివృద్ధి?"

"ఆవిడ ఆటను ఒక్కడు ఒక్కరోజులో మూసేశాడు గదా అమ్మమ్మా! మాకు యజమాని లేడు. ఎవరు మూస్తారు మమ్మల్ని?"

"మూసేవాడు లేకపోతే పెట్టేవాడూ లేడు."

"పెట్టేవాళ్ళం మేమే అవుతాం. కాస్త ఓపిక పట్టు."

మేము సమాధానము వెదకునంతలో ఆ పిల్ల నడుముమీద రెండుచేతులు నుంచుకొని నవ్వినది. నెలచందా ప్రస్తుతము మేమే యిచ్చుచున్నాము. ఇచ్చిన ప్రతిమారును, జీతమెప్పటినుండి యని అడుగుట మాత్రము మానలేదు.