బరకపొడి, బోరునీళ్లు

మా కాఫీపొడి అంగడికి వచ్చిన మనిషిని నేను మొదట అడిగేది, ఇంట్లో కాఫీ దేంట్లో పెడతారని. స్టీలు ఫిల్టరైతే ఒక పొడి, గిన్నెలో కాచి గుడ్డతో వడగట్టేవాళ్లకు ఇంకో పొడి. ప్రొద్దుటూరులో ఏండ్ల తరబడి ఈ రెండు జవాబులే విన్నాను. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ కొలువులు చేసే మా ఊరి పిల్లలు సెలవులకు వస్తూ గాజు కూజాలు తేవడం మొదలుపెట్టినాక మూడో జవాబు వచ్చింది: ఫ్రెంచ్ ప్రెస్. ఇప్పుడు పులివెందుల ఇంజనీరింగు కాలేజీ అధ్యాపకులూ, గండికోట చూడ్డానికి వచ్చేవాళ్లకు జమ్మలమడుగు వైపు గదులు అద్దెకిచ్చేవాళ్లూ అదే అడుగుతున్నారు.

"అన్నా, మీ పొడి బాగలేదు. జాలి కిందికి దిగనంటాది, గట్టిగా నొక్కితే కాఫీ ఎగిరి చేతి మీద పడ్తాది, గ్లాసు అడుగున అంతా మడ్డి." ఇట్లా చెప్పినవాళ్లు వాడిందంతా ఫిల్టర్ పొడే. ఫిల్టర్‌లో వేడినీళ్లు పొడి పొరలోంచి మెల్లగా కిందికి దిగాలి. అందుకే పొడి మెత్తగా ఉండాలి, కాస్త చికోరీ ఉంటే నీళ్లను పట్టి ఉంచి డికాషన్‌ను చిక్కబరుస్తుంది. ఫ్రెంచ్ ప్రెస్‌లో నీళ్లు దిగే పనే లేదు. పొడి మొత్తం నీళ్లలో నానుతుంది, తర్వాత స్టీలు జాలి దాన్ని అడుగుకు తొక్కిపెడుతుంది. మెత్తని పొడి ఆ జాలి కన్నాల్లోంచి పైకి వచ్చేస్తుంది, చేదు అంతా ముందే దిగిపోతుంది. కాబట్టి గింజ ఉప్మారవ్వ మాదిరి బరకగా పడాలి. చికోరీ అసలు వద్దు. మన దేశంలో కాఫీ–చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదని నిబంధన. అంటే మిగిలిన 49 శాతం దాకా చికోరీ కలపొచ్చు. అంత చికోరీని నాలుగు నిమిషాలు నానబెట్టి తాగితే కాఫీ రుచి దొరకదు.

అంగట్లో మాకు ఇక్కడ పని పెరుగుతుంది. మెత్తపొడి ఆడిన మరలో వెంటనే బరకపొడి ఆడితే పాత పొడీ, చికోరీ వాసనా అందులోకి వచ్చేస్తాయి. పళ్లు ఎడం చేసి, గుప్పెడు గింజలు ఆడించి, ఆ పొడి పక్కన పడేసి, అప్పుడు అసలు గింజలు పోయాలి. ఆడిన తర్వాత నేను జల్లెడ కూడా పడతాను, ఎందుకంటే ఎంత బరకగా ఆడినా కొంత దుమ్ముపొడి పడక మానదు. అది తీసేస్తే కప్పులో తేడా నాలుకకు తెలుస్తుంది. తూకం కాస్త తగ్గుతుంది గనుక కొందరు ఒప్పుకోరు, ఒప్పుకున్నవాళ్లు మళ్లీ వచ్చి జల్లించే ఇవ్వమంటారు.

గింజల్లో చిక్కమగళూరు ప్లాంటేషన్ ఏ, పీబెర్రీ రకాలు మా దగ్గర ఎప్పుడూ ఉంటాయి. ఫ్రెంచ్ ప్రెస్ అడిగినవాళ్లకు నేను అరకు అరబికా చూపిస్తాను. 2019లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2017 నుంచే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ అంగడి ఉంది. మన గిరిజన రైతులు పండించే గింజ ఫ్రెంచివాళ్లు తాగుతుంటే, ఆ దేశం పేరున్న కూజాలో మనమెందుకు తాగకూడదు? వేపు మరీ నల్లగా ఉండకూడదు. నల్లగా మాడిన గింజలో ఊరి పేరేదైనా ఒకటే చేదు.

అన్నిటికంటే ఎక్కువగా నన్ను పట్టుకున్న విషయం నీళ్లు. గదులు అద్దెకిచ్చే ఒకాయన మా అంగట్లో కాఫీ తాగి, అదే పొడి తీసుకుపోయి, "మీ దగ్గరున్న రుచి మా దగ్గర రాలేదు సార్, సప్పగా ఉండాది" అన్నాడు. వాళ్ల బోరునీళ్లు ఒక సీసాలో తెమ్మన్నాను. ఒకే పొడి, ఒకే తూకం, రెండు కూజాలు. మా నీళ్లలో పండు పులుపు, బెల్లపు వాసన తెలుస్తున్నాయి. ఆయన నీళ్లలో సుద్ద తప్ప ఏమీ తెలియలేదు.

కారణం నేలలోనే ఉంది. ఇండ్లలో మనం పరిచే కడప బండ సున్నపురాయే. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేదీ ఆ రాయి మీదే. దాంట్లోంచి ఊరిన నీళ్లు బైకార్బొనేట్లు మోసుకొస్తాయి. మరగబెట్టే గిన్నె అడుగున తెల్లటి పొర కట్టేది వాటివల్లే. కాఫీలోని మంచి పులుపును అవి విరిచేస్తాయి. తాగేనీటిలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేనిచోట 600 దాకా ఒప్పుకోవచ్చని భారతీయ ప్రమాణం. 600 దగ్గరి నీళ్లతో నల్లకాఫీ పెట్టొద్దనే నా సలహా. అట్లాగని శుద్ధిచేసే ప్లాంటు క్యాన్ నీళ్లు ఒక్కటే పోస్తే మరో చిక్కు. లవణాలు మరీ తీసేసిన నీళ్లలో కాఫీ పలచగా, నాలుక కోసినట్టు ఉంటుంది. ఆయనకు మూడు పాళ్లు ప్లాంటు నీళ్లలో ఒక పాలు బోరునీళ్లు కలపమన్నాను. అది పనిచేసింది. అయితే ఫ్లోరైడ్ ఉన్న బోరైతే ఆ నీళ్లు కాఫీలోకే కాదు, వంటకూ తాగడానికీ వద్దు. రాయలసీమలో అట్లాంటి బోర్లున్నాయి, పరీక్ష చేయించుకోవాలి.

పెట్టే పద్ధతి చెప్తాను. అర లీటరు నీళ్లకు 30 గ్రాముల పొడి. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల ఊరు, గ్రాము విలువ ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. చెంచాతో వేయకండి, తూచండి. కూజాను వేడినీళ్లతో ఒకసారి కడగండి. నీళ్లు తెర్లినాక పొయ్యి ఆర్పి అర నిమిషం ఆగి, పొడి అంతా తడిసేట్టు పోయండి. నాలుగు నిమిషాలకు పైన పొడి తెట్టు కడుతుంది. దాన్ని చెంచాతో కదిపితే ఎక్కువ భాగం మునుగుతుంది, మిగిలిన నురగ తీసేయండి. ఇంకో నాలుగైదు నిమిషాలు ముట్టుకోకుండా ఉంచితే సన్నపొడి కూడా అడుగుకు చేరుతుంది. ఆ తర్వాత జాలిని మెల్లగా దించండి, అడుగుదాకా నొక్కి పిండొద్దు. కాఫీ అంతా ఒకేసారి గ్లాసుల్లోకి వంచేయాలి, కూజాలో మిగిలింది చేదెక్కుతూనే ఉంటుంది.

పాలు కావాలంటే పొడి రెట్టింపు చేసి, చిక్కని వేడిపాలు కొంచెమే పోసుకోండి. సగం గ్లాసు పాలు పోసి తాగే అలవాటున్నవాళ్లకు మాత్రం ఫిల్టర్‌ను మించింది లేదు, కూజా కొనొద్దనే చెప్తాను. ఇంకొకటి. కాగితం ఫిల్టర్ ఆపే కాఫీ నూనెలు ఈ జాలిలోంచి వచ్చేస్తాయి, అవి చెడ్డ కొలెస్ట్రాల్‌ను పెంచుతాయి. ఆ బాధ ఉన్నవాళ్లు దీన్ని రోజువారీ కాఫీ చేసుకోవద్దు.

పులివెందులకు నెలకు సరిపడా పొడి ఒకేసారి పంపమంటారు. మన ఎండల్లో, అదీ ఆడించిన పొడి, నెల నిలవదు. రెండు వారాలకు సరిపడా గింజలు, చేత్తో తిప్పే చిన్న మర ఒకటి కొనుక్కోండి. మూత బిగువుగా ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి.

తోటి అంగడివాళ్లకు ఒక మనవి. పొట్లం మీద ధరతో పాటు గింజ వేయించిన తేదీ కూడా రాయండి. కొనేవాళ్లు అడగకపోయినా రాయండి.