బోదకాలు మాత్ర

పొద్దున ఆశా కార్యకర్త వచ్చి, "టిఫిన్ తిన్నారా సార్? అయితే నా ముందే మింగాలి" అని బోదకాలు మాత్రలు చేతిలో పెట్టింది. మింగాక గుర్తొచ్చింది. ఈ డీఈసీ మందు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1947లో అమెరికాలో తెచ్చిందే. మెట్రిక్ రెండుసార్లు తప్పిన మనిషి! రామకృష్ణ మఠంలో చేరిపోదామంటే తల్లి ఒప్పుకోలేదు, డాక్టరీ చదివారు. అంటే ఆయనకు లోపల్నుంచి ముందు వినిపించింది కాషాయం పిలుపే.

నాకైతే నలభై దాటినా అలాంటి పిలుపేదీ సరిగ్గా వినపడదు. ఆఫీసు లెక్కల పుస్తకం వెనక పేజీల్లో మాత్రం తెలీకుండానే చెక్క బల్లల బొమ్మలు గీస్తుంటాను, కాళ్ల కొలతలతో సహా. నిన్న లెక్కపెడితే పదకొండు తేలాయి. మేడమెట్ల కింద టేకు చెక్కొకటి ఎప్పట్నుంచో పడుంది. రంపం పక్కింటి బాబాయి దగ్గరుంది, సాయంత్రం అడగాలి.