సకినాల యంత్రం, ఆసు యంత్రం

రండి, ఆ స్టూలు ఇటు జరుపుకొని కూర్చోండి. పొగ మీ మీదికి తిరిగితే చెప్పండి, నేనే అటు మారతాను. సంక్రాంతి దగ్గర పడిందంటే హనుమకొండలో రాత్రి తొమ్మిదింటికే వీధి సద్దుమణుగుతుంది. వడ్డేపల్లి చెరువు మీంచి వచ్చే గాలికి చెవులకు మఫ్లరు చుట్టుకోనివాడు మొండివాడైనా అయ్యుండాలి, పెళ్ళికొడుకైనా అయ్యుండాలి.

ఈ మంటలో కాలుతున్న చెక్కముక్కలున్నాయే, రెండు వారాల కిందటిదాకా ఇవి ఒక యంత్రం. నవ్వకండి. సకినాలు చుట్టే యంత్రం.

మా అక్క మనుమడు ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నాడు. పోయిన సంక్రాంతికి సకినాలు చుట్టీ చుట్టీ వాళ్ళ నాయనమ్మ వేళ్ళు కొంకర్లు పోయి, మూడు రోజులు ముద్ద కలుపుకోలేకపోయింది. అది చూసి వీడికి పౌరుషం వచ్చింది. నాలుగు నెలలు మేడ మీద గదిలో తలుపేసుకున్నాడు. చిన్న మోటారు, దాని మీద తిరిగే చెక్క పళ్ళెం, పైన పిండి దిగే గొట్టం. పళ్ళెం తిరుగుతుంటే గొట్టంలోంచి పిండి చుట్టలు చుట్టలుగా పడుతుంది. గదిలో అద్భుతంగా పనిచేసిందట. వీడియో కూడా తీశాడు.

ఒక ఆదివారం దాన్ని వాకిట్లోకి దించాడు. అక్క, పక్కింటి పిన్నమ్మ, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. కంపెనీలో బోర్డు మీటింగంటే ఇంతకన్నా భయంగా ఏమీ ఉండదు. అక్క తన పిండి తెచ్చి గొట్టంలో పెట్టింది. మోటారు తిరిగింది. పిండి రెండంగుళాలు దిగి తెగింది. మళ్ళీ దిగింది, మళ్ళీ తెగింది.

"సకినం చుట్టాలె గని పిండాల్నారా? ఇది మురుకుల గొట్టం లెక్కనే ఉన్నది గద" అంది అక్క.

తర్వాత తేలిందేమిటంటే, వాడు నాలుగు నెలలూ దుకాణంలో కొన్న పొడి బియ్యప్పిండితో పరీక్షలు చేశాడు. సకినానికి బియ్యం నానబెట్టి, తడి ఆరీ ఆరకముందే పట్టించిన పిండి కావాలి. అందులో నువ్వులు, వాము పడతాయి. నువ్వు గింజ గొట్టం మూతికి అడ్డుపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పిండిని వేళ్ళ మధ్య మెలిపెడుతూ గుడ్డ మీద దించాలి. ఆ మెలికే సకినం. మెలిక లేకుంటే అది ఏదో ఒక బియ్యప్పిండి చక్రం, అంతే. ఈ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. వాడొక్కడే అడగలేదు.

కంపెనీలవాళ్ళు దీనికే పరిశోధన, నమూనా, ట్రయల్, టెస్ట్ మార్కెట్, లాంచ్ అని మెట్లు మెట్లుగా పేర్లు పెట్టుకున్నారు. ఒక్కో మెట్టుకూ ఒక్కో విభాగం, దానికో మేనేజరు. పేర్లు తీసేస్తే మిగిలేవి మూడు ప్రశ్నలు. ఎవరికి నొప్పి? నొప్పి ఉన్నవాళ్ళ చేతిలో ఇది పనిచేస్తుందా? వాళ్ళు కొనగలరా? మొదటి ప్రశ్నకు జవాబు మావాడికి తెలుసు. రెండోది నాలుగు నెలలు ఆలస్యంగా అడిగాడు. మూడోదాని దాకా రానేలేదు.

వాడు ముఖం వేలాడేసుకొని కూర్చుంటే, నేను ఆలేరు కథ చెప్పాను. కాజీపేట నుంచి హైదరాబాదు రైల్లో పోయేటప్పుడు జనగామ దాటాక వస్తుంది ఆలేరు. మీరూ వందసార్లు చూసుంటారు, దిగి ఉండరు. ఆ పక్కనే శారాజిపేట. చింతకింది మల్లేశంది ఆ ఊరు. 1972లో పుట్టాడు. ఆరో తరగతితో చదువాపి మగ్గం ఎక్కాడు. 2019లో ఆయన మీద సినిమా వచ్చింది కాబట్టి కథ తెలుసంటారు మీరు. తెలుసు. కానీ సినిమా రెండు గంటల్లో అయిపోతుంది. నాకు మాత్రం ఆయన తన యంత్రం కోసం తిప్పలు పడ్డ ఏడేళ్ళ మీదే ధ్యాస.

పోచంపల్లి చీరలో పూలు, పలకలు ఊరికే రావు. నూలుకు రంగు అద్దకముందే ఎక్కడ రంగు ఎక్కాలో, ఎక్కడ ఎక్కకూడదో లెక్కపెట్టి చిటికి కట్టాలి. దానికి ముందు పోగులన్నీ వరుసగా పరుచుకోవాలి. అదే ఆసు పోయడం. ఒకవైపు ఒక కొయ్య, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా కొయ్యలు. ఆ ఒక్క కొయ్య నుంచి ఈ కొయ్యల మీదికి, మళ్ళీ వెనక్కి, పోగును చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ తిరగాలి. ఒక్కోసారీ మీటరు దూరం వేసుకున్నా తొమ్మిది కిలోమీటర్లు. మన చౌరస్తాలో బయల్దేరితే కాజీపేట స్టేషను దాటిపోవచ్చు. కూర్చున్న చోటు కదలకుండా, ఒక్క చేత్తో! ఈ పని ఇంటి ఆడవాళ్ళది. నేసినవాడి పేరు చీరకు అంటుకుంటుంది. ఆసు పోసిన చేతి పేరు ఎవరూ తలచుకోరు. ఇది నా పాత కోపం, పోనివ్వండి.

మల్లేశం తల్లి లక్ష్మికి భుజం లేవకుండా అయింది. 1992లో ఆయన ఆసుకు యంత్రం చేద్దామని మొదలుపెట్టాడు. ఇంజనీరింగ్ చదవలేదు, డబ్బులు లేవు. కూలి మిగిలితే ఒక భాగం, అప్పు పుడితే ఇంకో భాగం. ఒక కదలిక పడితే తర్వాతి కదలిక దగ్గర ఆగిపోయేది. చూసినవాళ్ళు నీకెందుకీ పిచ్చి అన్నారు. అప్పులు తీర్చుకోవడానికి హైదరాబాదు వెళ్ళి కరెంటు పనులకు కుదిరాడు. 1999లో ఒకరోజు బాలానగర్లో ఒక కార్ఖానాకు వైరింగ్ పనికి పోతే, అక్కడ తిరుగుతున్న యంత్రంలో తనకు ఏళ్ళుగా చిక్కని కదలిక కనిపించింది. ఆ రోజు కూలి వదులుకొని, ఆ భాగం చేయించుకొని ఊరికి పరుగెత్తాడు. బిగించాడు. పోగు తిరిగింది.

దానికి లక్ష్మీ ఆసు యంత్రమని తల్లి పేరే పెట్టాడు. చేత్తో నాలుగైదు గంటలు పట్టే చీర ఆసు గంటన్నరకు వచ్చింది. తర్వాత పేటెంట్ వచ్చింది, 2017లో పద్మశ్రీ వచ్చింది. మధ్యలో ఆయన్ను వెతికి పట్టుకొని బయటి లోకానికి చూపించినవాళ్ళలో పల్లె సృజన సంస్థ ఉంది. రిటైరైన బ్రిగేడియర్ పోగుల గణేశం గారు నడిపే సంస్థ అది. వాళ్ళు ఊళ్ళ వెంట కాలినడకన శోధయాత్రలు చేస్తూ ఇలాంటి బుర్రల కోసం వెతుకుతారు.

మావాడు అడిగాడు: "ఏడేళ్ళు ఎందుకు పట్టింది తాతా? కాలేజీలో అయితే ఒక సెమిస్టరే."

నిజమే. కానీ వాడి నాలుగు నెలల కన్నా ఆ ఏడేళ్ళలో ఒక సుఖం ఉంది. పరీక్షించే మనిషి ఇంట్లోనే ఉంది. పోగు ఒక్కటి తప్పు కొయ్యకు పడితే చీర మీద పువ్వు చెదురుతుందని అమ్మకు తెలుసు, కొడుక్కీ తెలుసు. రిపోర్టు రాసే పని లేదు. వేల కోట్ల కంపెనీలు జనం ఇళ్ళకు మనుషుల్ని పంపి, ఇల్లాలు సబ్బు ఎలా రుద్దుతుందో పక్కన నిలబడి చూసి రమ్మంటాయి. ఆ చూపు మల్లేశానికి పుట్టుకతోనే ఉంది.

ఇంకో అమ్మ పేరు కూడా చెప్పాలి. 1992లోనే, ఆలేరు పక్కన మల్లేశం కొయ్యలతో కుస్తీ పడుతున్న ఏడే, వరప్రసాద్ రెడ్డి గారనే ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు జెనీవాలో ఒక సదస్సుకు వెళ్ళారు. హెపటైటిస్ బి టీకా సంగతి అక్కడ ఆయన చెవిన పడింది. అప్పట్లో మన దగ్గర దిగుమతి టీకా డోసు దాదాపు 750 రూపాయలు. మూడు డోసులు వేయించాలంటే ఇంట్లో నలుగురున్న గుమాస్తా నెల జీతం మరిచిపోవాల్సిందే. టెక్నాలజీ ఇమ్మని విదేశీ తలుపు తడితే తెరుచుకోలేదు. 1993లో హైదరాబాదులో తల్లి శాంతమ్మ పేరు మీద శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. బ్యాంకులు మొహం చాటేశాయి. అప్పటి ఒమన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలవి అబ్దుల్లా డబ్బు పెట్టారు. హైదరాబాదులోని పరిశోధన సంస్థ సీసీఎంబీ తన ల్యాబులో చోటిచ్చింది. ఒక రకం ఈస్టులో టీకాకు కావలసిన ప్రొటీన్ పండించి, జంతువుల మీద, తర్వాత మనుషుల మీద దశలవారీగా పరీక్షలు గట్టెక్కి, 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి బజారుకొచ్చింది. డోసు 50 రూపాయలు.

ఇక్కడ ఒక్క మాట. సకినం చెడితే మళ్ళీ పిండి కలుపుకోవచ్చు. టీకాలో ఆ వెసులుబాటు లేదు. అందుకే మందుల కంపెనీ పరిశోధనలో ఎక్కువ కాలం కనిపెట్టడానికి కాదు, ఇది హాని చేయదని, పనిచేస్తుందని తేల్చుకోవడానికే పోతుంది. ఆ నాలుగేళ్ళనూ నేను ఆలస్యమనను. మన ఊళ్ళల్లో బళ్ళ ఆవరణల్లో టేబుళ్ళేసి హెపటైటిస్ టీకా క్యాంపులు పెట్టిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. మా ఇంట్లో అందరం అప్పుడే వేయించుకున్నాం. టీకా ధర దిగకుండా ఆ టేబుళ్ళు పడేవి కావు.

అమ్మడం కూడా ఒక విద్యేనండోయ్. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు సంగీత కచేరీల్లో సీసాలు ఉచితంగా పంచేవారట. కచేరీలో తలనొప్పి పుట్టించే గాయకుడు ఒక్కడైనా ఉంటాడు కదా! మందు ఘాటే దాని ప్రచారం. ఆ లాభాలతోనే ఆంధ్రపత్రిక నడిచింది.

ఈ విద్యలో మన ఊరు వెనకబడిందని నా బాధ. వరంగల్ కొత్తవాడ జంపఖానాల సంగతే తీసుకోండి. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శన దాకా వెళ్ళాయి. జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. సరే, కింద కూర్చునే ఇళ్ళు తగ్గిపోయాయి. సోఫా ఉన్న ఇంటికి జంపఖానా నేత ఏ రూపంలో వెళ్ళాలో నేతగాళ్ళ పక్కన కూర్చొని ఆలోచించేవాళ్ళు ఎందరున్నారు? గుర్తింపు పత్రం గోడకు తగిలించుకుంటే పని వస్తుందా? మావాడు చదివే కాలేజీ నుంచి కొత్తవాడకు ఆటోలో అరగంట. మూడేళ్ళలో ఎన్నిసార్లు పోయావురా అంటే, ఒక్కసారీ లేదన్నాడు.

ఆ రాత్రే చెక్క పళ్ళెం పగలగొట్టి చలిమంట కట్టెల్లో పడేశాడు. మోటారు మాత్రం దాచుకున్నాడు. మర్నాటి నుంచి నాయనమ్మ పక్కన పీట వేసుకొని, నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటున్నాడు. ఒక్క సకినానికి వేళ్ళు ఎన్ని మెలికలు పెడతాయో లెక్కపెడతాడు. అక్క విసుక్కుంటుంది. "లెక్క తర్వాత, ముందు నువ్వో నాలుగు చుట్టు బిడ్డా" అంటుంది. నిన్న చుట్టాడు. నాలుగింటిలో మూడు విరిగాయి, ఒకటి నిలబడింది. దాన్ని వేయించకుండా దాచిపెట్టుకుంటానన్నాడు, పిచ్చివాడు.

పిండిలో తడి ఎంతుండాలన్న దగ్గర ఇప్పుడు వాడి లెక్క ఆగింది. అక్కనడిగితే "చేతికి తెలుస్తది" అంటుంది తప్ప చెప్పలేకపోతోంది. మీ ఇంట్లో సకినాలు బాగా చుట్టేవాళ్ళుంటే, ఈ పండక్కి ఓ పూట పక్కన కూర్చొని చూడండి. బియ్యం ఎన్ని గంటలు నానబెడతారో, ఎంత ఆరాక పట్టిస్తారో అడిగి వచ్చి నాకు చెప్పండి. చలిమంట మాత్రం రోజూ ఉంటుంది.