గోల్కొండ: చప్పట్లు చేరాయి, మాట చేరలేదు

హైదరాబాద్ వచ్చిన చుట్టాలందరికీ గోల్కొండ చూపించే డ్యూటీ నాదే. పోయిన ఆదివారం మాత్రం ఒక్కడినే వెళ్లాను.

బాలా హిస్సార్ దర్వాజా దాటగానే గుమ్మటం కింద ఎప్పటిలాగే గుంపు. గైడ్ చప్పట్లు కొట్టి చూపిస్తున్నాడు. ఆ చప్పుడు కొండమీది బారాదరి దాకా వినిపిస్తుంది. శత్రువు వస్తే పైకి కబురు చేరడానికి కుతుబ్‌షాహీలు చేసుకున్న ఏర్పాటట.

ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో మా బ్యాచ్ అంతా ఇక్కడికే వచ్చాం. తను ముందే పైకెక్కేసి ఫోన్ చేసింది. "నువ్వు కిందే ఉండి మూడుసార్లు కొట్టు."

కొట్టాను.

"వినపడ్డాయ్! ఇప్పుడు ఫోన్ పెట్టేసి ఏదైనా మాట చెప్పు. వస్తుందేమో చూద్దాం."

నాలుగేళ్లుగా గొంతులో ఉన్న మాట ఒకటుంది. చుట్టూ ఎవరూ లేరు కూడా. నేనేమన్నానో తెలుసా? "హలో, మైక్ టెస్టింగ్."

బస్సులో అడిగింది, "నిజంగా ఏం చెప్పావ్?" అదే చెప్పాను. నవ్వింది. తర్వాత మెహదీపట్నం దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మూడేళ్లకు బ్యాచ్ గ్రూపులో తన పెళ్లి శుభలేఖ వచ్చింది. అందరితోపాటు నేనూ చప్పట్ల ఎమోజీ పెట్టాను.

ఈసారి మెట్లెక్కుతూ రామదాసు బందీఖానా దగ్గర ఆగాను. చెరలో ఉండి కూడా తన మొర అంతా రాముడికి పాటల్లో చెప్పుకున్నాడాయన. తిట్టాల్సి వస్తే తిట్టాడు కూడా. ఇక్కడికి కాస్త దూరంలోనే తారామతి బారాదరి. అక్కడ తారామతి పాడితే ఆ పాట గాలిలో తేలివచ్చి, కోటలో ఉన్న అబ్దుల్లా కుతుబ్‌షా చెవిన పడేదని కథ. నిజమో కాదో గానీ, ఆమె గాలిని నమ్ముకుని పాడింది. నేను చేతిలో ఫోన్ పెట్టుకుని కూడా నోరు విప్పలేదు.

300కు పైగా మెట్లు. మహంకాళి అమ్మవారి గుడి దాటి, ఆయాసపడుతూ బారాదరికి చేరాను. అప్పుడు తను నిలబడిన చోటే నిలబడ్డాను. కింద ఎవరో చప్పట్లు కొట్టారు. స్పష్టంగా వినపడ్డాయి. తర్వాత ఒక కుర్రాడు చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఏదో అరిచాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

అంటే ఆరోజు చెప్పినా తనకి చేరేది కాదు. చప్పట్లయితే కింది నుంచి కొట్టొచ్చు. మాట చెప్పాలంటే మాత్రం మనమే మెట్లెక్కాలి.

మీరు వెళ్తే ఎండ ముదరకముందే వెళ్లండి. నీళ్లు పట్టుకెళ్లండి. కిందే ఆగిపోవద్దు.